671 అంటే ఎన్ని వోల్టులు?

పొలంలో సోలార్ పంపు పక్కన ఒక పెట్టె, అందులో లినక్స్‌తో నడిచే చిన్న బోర్డు, ఓ 12 వోల్టుల బ్యాటరీ ఉన్నాయనుకుందాం. బ్యాటరీ ఎంత దిగిందో బోర్డు కనిపెడుతూ ఉండాలి. ప్రాసెసర్‌కు అంకెలు తప్ప మరేమీ తెలియవు. అందుకని వోల్టేజీని అంకెగా మార్చే చిప్ ఒకటి మధ్యలో పెడతారు. దాని పూర్తి పేరు అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. పనిచేసేవాళ్లంతా ఏడీసీ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ద్వారా ఆ చిప్‌ను చదివితే 671 అని వచ్చింది. వోల్టులని లేదు, మిల్లీవోల్టులని లేదు, ఉత్త 671. ఇప్పుడు బ్యాటరీ నిండుగా ఉన్నట్టా, ఖాళీ అయినట్టా?

ఆ జవాబు చిప్ దగ్గర ఉండదు. ఏడీసీకి తెలిసిన పని ఒక్కటే. తన పిన్ మీదికి వచ్చిన వోల్టేజీ, తనకు కొలబద్దగా ఇచ్చిన రిఫరెన్స్ వోల్టేజీలో ఎన్నో వంతో చెబుతుంది. 10 బిట్ల చిప్ రిఫరెన్స్‌ను 1,024 మెట్లుగా కోస్తుంది. 12 బిట్లదైతే 4,096 మెట్లు, 16 బిట్లదైతే 65,536. మైక్రోచిప్ కంపెనీ తయారుచేసే ఎంసీపీ3008 ఎనిమిది ఇన్‌పుట్లున్న 10 బిట్ల ఏడీసీ. కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపిస్తుంది. అది 512 అని చెప్పిందంటే పిన్ మీద రిఫరెన్స్‌లో సరిగ్గా సగం ఉందని అర్థం. రిఫరెన్స్ 3.3 వోల్టులైతే ఆ సగం 1.65. రిఫరెన్స్ పిన్‌ను 5 వోల్టులకు కలిపి ఉంటే అదే 512 అంటే 2.5. చిప్ అదే, అంకె అదే, కొలత మాత్రం వేరు. తేడా అంతా బోర్డు మీద వేసిన ఒక్క తీగలో ఉంది.

అంటే అంకెకు అర్థం రావాలంటే మూడు సంగతులు తెలియాలి. చిప్ ఎన్ని బిట్లది, రిఫరెన్స్ ఎంత, కొలవాల్సిన వస్తువుకూ పిన్‌కూ మధ్య ఏముంది. మొదటిది చిప్ సంగతి. మిగతా రెండూ బోర్డు సంగతులు. డ్రైవర్ రాసే మనిషి చిప్ డేటాషీట్ చూసి రాస్తాడు. ఆయనకు చిప్‌తో ఎలా మాట్లాడాలో, ఏ బిట్ ముందు పంపాలో అంతా తెలుసు. ఆ చిప్‌ను రేపు ఎవరు ఏ బోర్డులో అతికిస్తారో, రిఫరెన్స్ పిన్‌ను దేనికి కలుపుతారో మాత్రం తెలియదు, తెలిసే వీలూ లేదు. బోర్డు గీసిన మనిషికి ఆ తీగలన్నీ తెలుసు గానీ ఆయన డ్రైవర్ జోలికి పోడు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఈ ఇద్దరి మధ్య మాట మోసేది డివైస్ ట్రీ అనే చిన్న వివరణ ఫైలు. ఏడీసీ విషయంలో ఆ ఫైల్లో రాసే నాలుగైదు పంక్తులను నేను కోడ్ కన్నా ముఖ్యమైనవిగా చూస్తాను. కోడ్ తప్పయితే ప్రోగ్రాం ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. వివరణ తప్పయితే ప్రోగ్రాం హాయిగా నడుస్తూ తప్పు కొలత చెబుతూనే ఉంటుంది.

కెర్నెల్ తనంతట తాను కనుక్కోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపడుతుంది కదా! గుర్తుపడుతుంది, ఎందుకంటే యూఎస్‌బీ పరికరం తగిలించగానే తానెవరో, తయారీదారు ఎవరో చెప్పుకోవాలన్న నియమం ఉంది. కంప్యూటర్ లోపలి పీసీఐ కార్డులూ అంతే. ఎస్‌పీఐ, ఐటూసీ అనే సన్నపాటి తీగల మీద వేలాడే చిప్‌లకు అలాంటి నియమం లేదు. ఎంసీపీ3008లో తన పేరు చెప్పే రిజిస్టర్ అసలు లేనే లేదు. ఫలానా చానల్ కొలువు అంటే కొలుస్తుంది, అంతే. చిప్‌ను బోర్డు మీంచి ఊడబీకినా, ఆ ఖాళీ తీగ మీద సున్నాలో ఒకట్లో వస్తూనే ఉంటాయి. కెర్నెల్ వాటినే కొలతలనుకుంటుంది. కాబట్టి ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

ఒకప్పుడు ఈ చెప్పడం కెర్నెల్ లోపలే సీ భాషలో జరిగేది. ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్ ఉన్న ప్రతి బోర్డుకూ ఒక బోర్డు ఫైలు. కొత్త బోర్డు వస్తే కొత్త ఫైలు, మళ్లీ కెర్నెల్ కంపైల్ చేయడం. ఫోన్లూ టాబ్లెట్లూ విరివిగా వచ్చిన రోజుల్లో ఈ ఫైళ్లు కుప్పలు పడ్డాయి. 2011 మార్చిలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ చెత్త ఇక చాలని బహిరంగంగానే విసుక్కున్నాడు. విరుగుడు కోసం కొత్తగా వెతకాల్సిన పని లేకపోయింది. సన్ కంపెనీ యంత్రాల నుంచి వచ్చి, 1994లో ఐఈఈఈ 1275 పేరుతో ప్రమాణంగా మారిన ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో హార్డ్‌వేర్‌ను చెట్టులా వర్ణించే పద్ధతి అప్పటికే ఉంది. పవర్‌పీసీ లినక్స్ దాన్ని వాడుతూనే ఉంది. గ్రాంట్ లైక్‌లీ వంటివాళ్లు దాన్ని ఏఆర్‌ఎంకు తెచ్చారు. వివరణను ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తారు, చిన్న కంపైలర్ దాన్ని బైనరీగా మారుస్తుంది, బూట్‌లోడర్ ఆ బైనరీని కెర్నెల్ చేతికి అందిస్తుంది. కెర్నెల్ ఒకటే ఉంటుంది, బోర్డును బట్టి వివరణ మారుతుంది.

ఇక మన ఏడీసీ వివరణలో ఏముంటుందో చూద్దాం. అసలు ఫైల్లో ఈ మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి; ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను.

ఆ చెట్టులో చిప్‌కు నోడ్ అనే ఒక కొమ్మ ఉంటుంది. ఎస్‌పీఐ మీద ఉన్న చిప్ కాబట్టి అది ఎస్‌పీఐ కంట్రోలర్ నోడ్ కిందికి వస్తుంది. నోడ్‌లో మొదటి పంక్తి 'కంపాటిబుల్'. దాని విలువ 'మైక్రోచిప్' అనే మాట, ఒక కామా, ఆపైన చిప్ నంబరు. కెర్నెల్ తన దగ్గరున్న డ్రైవర్లలో ఈ పేరు చెప్పుకున్నది ఎవరో వెతికి, దాన్ని పిలుస్తుంది. రెండోది 'రెగ్': ఈ కంట్రోలర్‌కున్న చిప్ సెలెక్ట్ తీగల్లో ఎన్నోది ఈ చిప్‌కు వెళ్లిందో చెబుతుంది.

మూడోది 'ఎస్‌పీఐ-మ్యాక్స్-ఫ్రీక్వెన్సీ'. ఇక్కడ కాస్త ఆగాలి. ఎంసీపీ3008ను 5 వోల్టులతో నడిపితే క్లాక్ 3.6 మెగాహెర్ట్జ్ దాకా తట్టుకుంటుంది. 2.7 వోల్టులతో నడిపితే 1.35 మెగాహెర్ట్జే. చిప్ ఒకటే అయినా బోర్డు మీద దానికి ఏ సరఫరా ఇచ్చారన్న దాన్ని బట్టి వేగం పరిమితి మారిపోతోంది. అందుకే ఈ అంకెను డ్రైవర్‌లో గట్టిగా బిగించేయలేరు, బోర్డు వివరణలోనే రాయాలి. రాస్ప్‌బెరీ పై బోర్డు 40 పిన్నుల వరుసలో అనలాగ్ ఇన్‌పుట్ ఒక్కటీ లేదు, అందుకే దానికి ఈ చిప్‌ను విడిగా తగిలించుకుంటారు. అక్కడి పిన్నులు 3.3 వోల్టులవి, కాబట్టి చిప్‌నూ 3.3 వోల్టులతోనే నడుపుతారు. డేటాషీట్‌లో కనిపించే 3.6 చూసి ఆ అంకె వేస్తే పరిమితి దాటినట్టే. దాని ఫలితం ఒక్కోసారి అసలు కనిపించదు, చివరి ఒకటి రెండు బిట్లు మాత్రం వణుకుతాయి. సెన్సర్‌లో గోల అనుకుని రోజుల తరబడి వెతుకుతారు.

నాలుగోది 'వీరెఫ్-సప్లై'. నా దృష్టిలో మొత్తం నోడ్‌కు ఇదే ప్రాణం. రిఫరెన్స్ 3,300 మిల్లీవోల్టులని సూటిగా ఒక అంకె వేస్తే సరిపోదా? చూడటానికి సులువే. కానీ రిఫరెన్స్ అనేది అంకె కాదు, బోర్డు మీద ఉన్న ఒక వస్తువు. అది ఒక రెగ్యులేటర్ నుంచి వస్తుంది. ఆ రెగ్యులేటర్‌ను కొన్ని బోర్డుల్లో కెర్నెలే ఆన్ చేయాలి. అదే రెగ్యులేటర్ మరో రెండు చిప్‌లకూ కరెంటు ఇస్తూ ఉండొచ్చు. అందుకని వివరణలో రెగ్యులేటర్‌కు విడిగా ఒక నోడ్ పెట్టి, దాని కనిష్ఠం 33,00,000 మైక్రోవోల్టులు, గరిష్ఠమూ అంతే అని రాస్తారు. ఏడీసీ నోడ్‌లో 'వీరెఫ్-సప్లై' ఆ నోడ్ వైపు వేలు చూపిస్తుంది. డ్రైవర్ నిద్రలేవగానే ఆ రెగ్యులేటర్‌ను ఆన్ చేయమంటుంది, ఎన్ని వోల్టులిస్తున్నావని దాన్నే అడుగుతుంది.

దీంట్లో ఒక మెలిక ఉంది. వివరణలో ఏదైనా సరఫరాను రాయడం మరిచిపోతే, చాలా సందర్భాల్లో కెర్నెల్ సర్దుకుపోయి డమ్మీ రెగ్యులేటర్ ఒకటి చేతిలో పెడుతుంది. మామూలు కరెంటు సరఫరా విషయంలో దాంతో ఇబ్బంది ఉండదు. ఆన్ చేయమంటే సరేనంటుంది, అసలు సరఫరా ఎలాగూ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. కానీ నువ్వు ఎన్ని వోల్టులని అడిగితే డమ్మీ చెప్పలేదు. అక్కడితో కొలత ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది కూడా. ఊహించి ఒక అంకె చెప్పడం కన్నా నాకు తెలియదని డ్రైవర్ తప్పుకోవడం నూరుపాళ్లు మేలు.

అన్నీ సరిగ్గా రాస్తే, లినక్స్‌లోని ఐఐఓ అనే విభాగం ఈ చిప్‌ను తన కిందికి తీసుకుంటుంది. జోనథన్ కామెరాన్ మొదలుపెట్టిన ఈ విభాగం 2009లో కెర్నెల్ ప్రయోగశాల లాంటి స్టేజింగ్ భాగంలోకి వచ్చింది, 2012లో అసలు కెర్నెల్‌లో చోటు సంపాదించుకుంది. ఏడీసీలూ, ఉష్ణోగ్రత, కాంతి, కదలిక కొలిచే సెన్సర్లూ దీని పరిధిలోనివే. ప్రతి చానల్‌కూ ఇది చిన్నచిన్న ఫైళ్లు చూపిస్తుంది. 'రా' అనే ఫైల్లో ఉత్త అంకె, 'స్కేల్' అనే ఫైల్లో దాన్ని గుణించాల్సిన విలువ. వోల్టేజీకి ఆ గుణకారం మిల్లీవోల్టుల్లో తేలుతుంది. 3,300ను 1,024తో భాగిస్తే 3.22265625; 'స్కేల్' ఫైల్లో సరిగ్గా అదే కనిపిస్తుంది. 671ని దాంతో గుణిస్తే సుమారు 2,162 మిల్లీవోల్టులు. అంటే పిన్ మీద 2.16 వోల్టులున్నాయి.

బ్యాటరీ పన్నెండు వోల్టులది కదా, రెండేమిటి? 3.3 వోల్టుల పిన్‌కు 12 వోల్టులు నేరుగా తగిలిస్తే చిప్ కాలిపోతుంది. అందుకే మధ్యలో రెండు రెసిస్టర్లు వేసి వోల్టేజీని తగ్గిస్తారు. పైన 10,000 ఓములు, కింద 2,200 ఓములు అనుకుందాం. కింది రెసిస్టర్ మీద మిగిలే భాగమే పిన్‌కు చేరుతుంది. ఈ రెసిస్టర్ల సంగతి ఏడీసీ డ్రైవర్‌కు సంబంధం లేనిది, దాన్లో ఇరికించడం అన్యాయం కూడా. 2018లో పీటర్ రోసిన్ దీనికో అందమైన దారి వేశాడు. రెసిస్టర్ల జోడీకే ఒక నోడ్. 'కంపాటిబుల్' విలువ వోల్టేజ్-డివైడర్. 'ఐఓ-చానల్స్' అనే పంక్తి ఏడీసీ నోడ్‌నూ, అందులో ఎన్నో చానలో అన్నదాన్నీ చూపిస్తుంది. 'అవుట్‌పుట్-ఓమ్స్' 2,200. 'ఫుల్-ఓమ్స్' 12,200. ఈ చివరి అంకె దగ్గర కొత్తవాళ్లు తరచూ జారిపడతారు. అక్కడ రాయాల్సింది పై రెసిస్టర్ విలువ కాదు, రెండూ కలిపిన మొత్తం.

ఇప్పుడు కెర్నెల్‌లో కొత్త పరికరం ఒకటి పుడుతుంది. దాని స్కేల్ 3.22265625ను 12,200తో గుణించి 2,200తో భాగించినది, అంటే సుమారు 17.87. 671ని దాంతో గుణిస్తే 11,991 మిల్లీవోల్టులు. బ్యాటరీ దగ్గర 11.99 వోల్టులున్నాయి. కారు బ్యాటరీ రకానిదైతే సగానికి పైగా దిగిపోయింది, పంపు ఆపడమే మేలు.

ఇదంతా పైథాన్ ప్రోగ్రాంలో ఒక్క పంక్తిలో గుణించుకోవచ్చు కదా అనే వాదన ఉంది. చాలామంది అలాగే చేస్తున్నారు కూడా. చిప్‌ను నేరుగా చదివి, 3.3తో గుణించి, ఒకరు 1,023తో, ఇంకొకరు 1,024తో భాగిస్తారు. డేటాషీట్ సూత్రంలో ఉన్నది 1,024. ఇంట్లో ఒక్క బోర్డు నడిపేటప్పుడు అందులో తప్పేమీ లేదు. కానీ రెండో తరం బోర్డులో రెసిస్టర్ మార్చారనుకోండి. బ్యాటరీని చదివే ప్రోగ్రాం, దాన్ని సర్వర్‌కు పంపే ప్రోగ్రాం, తెర మీద చూపే ప్రోగ్రాం, మూడింటిలోనూ ఆ అంకె వెతికి మార్చాలి. పాత బోర్డు, కొత్త బోర్డు రెండూ పొలాల్లో ఉంటే ఏ పెట్టెకు ఏ అంకె? రెసిస్టర్ బోర్డు మీద ఉంది, దాని విలువ బోర్డు వివరణలో ఉండాలి. పై ప్రోగ్రాంలకు మిల్లీవోల్టులు చేరితే చాలు.

ఏం రాయాలో ఎంత ముఖ్యమో, ఏం రాయకూడదో అంతకన్నా ముఖ్యం. పొలం దస్తావేజులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాస్తారు. వచ్చే ఏడు మిరప వేస్తామా, పత్తి వేస్తామా అన్నది రాయరు. డివైస్ ట్రీ కూడా అలాంటిదే. అతికించినది రాయాలి, మనిషి ఎంచుకునేది వదిలేయాలి. సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి, ఎన్ని కొలతల సగటు తీయాలి అన్నవి సాధారణంగా ఎంపికలు. వాటిని నడుస్తుండగా మార్చుకోవడానికి ఐఐఓలో వేరే ఫైళ్లున్నాయి. కొత్త చిప్‌కు వివరణ పద్ధతి పంపిన ఇంజనీర్లను సమీక్షకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే: ఇది హార్డ్‌వేర్ గుణమా, నీ ఇష్టమా?

ఈ రెండింటి మధ్య గీత ఎప్పుడూ తిన్నగా ఉండదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఏడీఎస్1115 ఇందుకు మంచి ఉదాహరణ. 16 బిట్లు, నాలుగు ఇన్‌పుట్ పిన్నులు, లోపలే ఒక యాంప్లిఫయర్. దీని వివరణలో ప్రతి చానల్‌కూ చిన్న నోడ్ ఉంటుంది. ఆ నోడ్‌లోని 'రెగ్' అంకె 4 నుంచి 7 దాకా అయితే ఆయా పిన్నును భూమితో పోల్చి కొలవడం. 0 నుంచి 3 దాకా అయితే రెండు పిన్నుల మధ్య తేడాను కొలవడం. సున్నా అంటే మొదటి పిన్నుకూ రెండోదానికీ మధ్య తేడా. ఇది నిస్సందేహంగా హార్డ్‌వేర్ గుణమే. తేడాగా కొలవాల్సిన సెన్సర్‌ను రెండు పిన్నులకు అతికించాక దాన్ని భూమితో పోల్చి కొలవడంలో అర్థం లేదు. కానీ అదే నోడ్‌లో, యాంప్లిఫయర్ వోల్టేజీని ఎంత పెంచాలో చెప్పే గెయిన్‌కూ, సెకనుకు కొలతల సంఖ్యకూ చోటుంది. గెయిన్ కోసం రాసే అంకె సున్నా అయితే పరిధి 6.144 వోల్టులు, ఏమీ రాయకపోతే 2.048. ఇది హార్డ్‌వేరా, ఎంపికా? ఈ పిన్ను మీదికి ఒక వోల్టు మించి ఎన్నడూ రాదని బోర్డు గీసిన మనిషికి తెలిస్తే, తగిన గెయిన్ అతనికే బాగా తెలుసు. ఆ మేరకు దాన్ని రాయడం సబబే. కొలతల వేగం రాయడాన్ని మాత్రం నేను సమర్థించలేను. అది తొలినాటి వివరణ పద్ధతి నుంచి అలా కొనసాగుతూ వస్తున్నది. ఇంకో హెచ్చరిక: పరిధి 6.144 అని ఉన్నంత మాత్రాన పిన్ మీద 6 వోల్టులు పెట్టకూడదు. చిప్‌కిచ్చిన సరఫరా కన్నా 0.3 వోల్టు మించితే చిప్‌కు హాని. పరిధి లెక్కల కోసం, ఓర్పు వేరు.

కూరగాయల కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటాలో ఉండే తరహా ఏడీసీ ఈ గీతకు అవతలి వైపున నిలుస్తుంది. ఏవియా కంపెనీ హెచ్‌ఎక్స్711 అనే 24 బిట్ల చిప్ తూకం ప్రాజెక్టుల్లో విరివిగా కనిపిస్తుంది. పళ్లెం కింద ఉండే లోడ్ సెల్ బరువుకు రవ్వంత వంగుతుంది. దాన్నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. 5 వోల్టుల సరఫరాతో, 128 గెయిన్‌తో ఈ చిప్ పరిధి అటూ ఇటూ 20 మిల్లీవోల్టుల దరిదాపు. ఇది ఎస్‌పీఐ కాదు, ఐటూసీ కాదు. ఒక క్లాక్ తీగ, ఒక డేటా తీగ, అంతే. కాబట్టి వివరణలో ఆ రెండు తీగలూ ప్రాసెసర్‌లోని ఏ పిన్నులకు చేరాయో, అనలాగ్ సరఫరా ఎక్కడి నుంచి వస్తోందో రాస్తారు. గెయిన్ రాయరు. దాన్ని వాడుకునే ప్రోగ్రాం స్కేల్ ఫైల్లోకి రాసి మార్చుకోవాలి.

విచిత్రమేమిటంటే దీనికి క్లాక్ వేగం రాసే చోటుంది, అదీ న్యాయంగానే ఉంది. తీగ పొడవూ దాని కెపాసిటెన్సూ పెరిగితే డేటా తీగ మీద వోల్టేజీ మారడానికి కాస్త వ్యవధి పడుతుంది, అంతసేపు ఆగి చదవాలి. అది బోర్డు గుణం. మరీ ఎక్కువసేపు ఆగడానికీ వీల్లేదు: క్లాక్ తీగ 60 మైక్రోసెకన్లు దాటి పైనే ఉండిపోతే హెచ్‌ఎక్స్711 అది నిద్రపొమ్మన్న సైగ అనుకుంటుంది. సరిగ్గా ఆ క్షణాన కెర్నెల్ వేరే పనిలోకి వెళ్లి ఆలస్యంగా తిరిగొస్తే కొలత పాడైపోతుంది. ఇలాంటి చోట్ల డ్రైవర్ కాసేపు అంతరాయాలు రాకుండా తలుపు వేసుకుని పని చేయాల్సి వస్తుంది.

మరి వోల్టుల నుంచి గ్రాములకు మార్చే అంకె ఎక్కడ ఉండాలి? డివైస్ ట్రీలో మాత్రం కాదు. ఒక వివరణ ఫైలు ఆ రకం బోర్డులన్నిటికీ పనికిరావాలి. లోడ్ సెల్ దేనికది వేరు, ఒక కాటా తప్పు ఇంకో కాటాకు రాదు. ఒక్కోదాని మీద తెలిసిన బరువు పెట్టి సరిచూసి, ఆ గుణకాన్ని ఆ యంత్రంలోనే విడిగా దాచాలి. రకానికి చెందినది వివరణలోకి, ఒక్క యంత్రానికి చెందినది దాని నిల్వలోకి.

ప్రాసెసర్ లోపలే ఏడీసీ ఉన్న బోర్డుల్లో మరో తరహా చిక్కు వస్తుంది. బీగిల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం335ఎక్స్ ప్రాసెసర్‌లో 12 బిట్లు, ఎనిమిది చానళ్ల ఏడీసీ ఉంది. పిన్ను మీద 1.8 వోల్టులు మించకూడదు. అదే సర్క్యూటు టచ్‌స్క్రీన్‌ను కూడా చదువుతుంది. నాలుగు తీగల టచ్‌స్క్రీన్ పెడితే నాలుగు చానళ్లు దానికే పోతాయి. అందుకే వివరణలో ఒక తల్లి నోడ్, దాని కింద టచ్‌స్క్రీన్‌కు ఒకటి, ఏడీసీకి ఒకటి పిల్ల నోడ్లు. ఏడీసీ నోడ్‌లో దానికి మిగిలిన చానళ్ల నంబర్లు రాస్తారు. బీగిల్‌బోన్ బ్లాక్ వివరణలో 0 నుంచి 6 దాకా ఏడు చానళ్లు ఉంటాయి, బయటి పిన్నులకు వచ్చినవి అవే.

ఈ నోడ్లలో ఏ మాట వాడాలి, ఏది తప్పనిసరి, ఏ అంకె ఎంతలోపు ఉండాలి అన్న నియమాల పత్రాన్ని బైండింగ్ అంటారు. ఇదివరకు ఇవి మామూలు వచనంలో ఉండేవి, ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకునేవారు. 2019 ప్రాంతం నుంచి వీటిని యామల్ రూపంలోకి, యంత్రమే సరిచూడగలిగేలా మారుస్తూ వచ్చారు. 'వీరెఫ్-సప్లై' తప్పనిసరి అని బైండింగ్‌లో ఉండి, బోర్డు ఫైల్లో లేకపోతే, బోర్డు తయారవక ముందే తనిఖీలో పట్టుబడుతుంది. దీనికన్నా పెద్ద మేలు నాకు తట్టదు.

బైండింగ్ రాసేటప్పుడు సమీక్షకులు మరీ పట్టుపడతారని కొత్త ఇంజనీర్లు నొచ్చుకుంటారు. నా డ్రైవర్ ఇప్పుడు ఆ రెండో సరఫరాను వాడటం లేదు, ఎందుకు రాయాలి అంటారు. చిప్‌కు ఆ పిన్ను ఉంది కాబట్టి రాయాలి. ఈ వివరణను లినక్స్ ఒక్కటే చదవదు. యూ-బూట్ బూట్‌లోడర్ చదువుతుంది, ఫ్రీబీఎస్‌డీ చదువుతుంది. బోర్డులో ఒకసారి వేసిన వివరణ అలాగే ఉండిపోవచ్చు, దాని మీద పదేళ్ల తర్వాతి కెర్నెల్ నడవాల్సి రావొచ్చు. పాత వివరణతో కొత్త కెర్నెల్ పనిచేయాలన్నది అక్కడి కట్టుబాటు. కాబట్టి ఒకసారి ఒప్పుకున్న మాటను తర్వాత తీసేయడం దాదాపు అసాధ్యం. ఇవాళ రెండు రోజులు వాదించుకోవడం ఖరీదేమీ కాదు.

సొంతంగా ఇలాంటి వివరణ రాసుకున్నవాళ్లు దాన్ని ఎలా సరిచూసుకోవాలో కూడా చెప్పాలి. చాలామంది ఇన్‌పుట్ పిన్నును భూమికి కలిపి 0 వచ్చిందా, రిఫరెన్స్‌కు కలిపి 1,023 వచ్చిందా చూసి సంతోషిస్తారు. దాంతో తీగలు సరిగా ఉన్నాయని తెలుస్తుంది, అంతే. రిఫరెన్స్ 5 వోల్టులై ఉండి వివరణలో 3.3 అని రాసినా ఆ రెండు అంకెలూ అలాగే వస్తాయి. స్కేల్ సరైందో కాదో తేలాలంటే మల్టీమీటర్ తప్పదు. ముందు చిప్ రిఫరెన్స్ పిన్ మీద కొలవాలి, తర్వాత బ్యాటరీ కొసల దగ్గర కొలిచి కెర్నెల్ చెప్పిన మిల్లీవోల్టులతో పోల్చాలి. వోల్టేజీ పెరిగేకొద్దీ తేడా కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంటే రిఫరెన్సో ఫుల్-ఓమ్సో తప్పు రాసినట్టు. ఎంత వోల్టేజీ దగ్గరైనా తేడా ఒకే మొత్తంలో ఉంటే వివరణను ముట్టుకోనక్కర్లేదు, భూమి తీగ ఎక్కడ కలిసిందో చూడాలి. నూటికి ఒకటి రెండు వంతుల తేడా అయితే రెసిస్టర్ల మీది రంగుల పట్టీలు చూడండి. చివరి పట్టీ బంగారు రంగులో ఉంటే ఆ రెసిస్టర్ విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. వివరణలో బోర్డు పటంలోని 2,200నే ఉంచి, గోధుమ రంగు పట్టీ ఉన్న 1 శాతం రెసిస్టర్లు వేయండి.